మంచు నేలపై చైన్ బండ్లు – నడక, సంరక్షణ



ఈ వార్షిక సంచికలో కథలు, కవితలు చాలామంది రాస్తున్నారు. అందుకని మేము ఒక సైన్సు పాఠం రాయదలిచాము. మన తరగతి పుస్తకాల్లో ఉన్న సూత్రాలే ఇందులో ఉంటాయి. అయితే ఆ సూత్రాలు తెలిసినవాడు ప్రాణంతో తిరిగి వచ్చే చోటు ఒకటుంది, తెలియనివాడు రాలేని చోటు కూడా అదే. అది మంచు ఖండమైన అంటార్కిటికా. అక్కడ మనుషులను, ఆహారాన్ని, ఇంధనాన్ని మోసేవి చైన్ బండ్లు. అవి ఎలా నడుస్తాయి, గడ్డకట్టే చలిలో వాటిని ఎలా కాపాడుకుంటారు అన్నదే ఈ వ్యాసం.

మనం మంచు నేల చూసి ఉండకపోవచ్చు. లంబసింగి చలి, ఆదిలాబాద్ చలి మనకు పెద్ద చలి. కానీ అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో 1983 జులై 21న మైనస్ 89.2 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అయినా ఈ పాఠం మనకు కొత్త కాదు. దమ్ము చేసిన మడిలో కాలు దిగబడటం తెలిసినవారికి, చలికాలంలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టినవారికి ఇందులో సగం విషయం ముందే తెలుసు.

1. దిగబడటం అంటే ఏమిటి?

ఒక వస్తువు మెత్తటి నేలలో దిగబడుతుందా లేదా అన్నది దాని బరువు ఒక్కటే తేల్చదు. ఆ బరువు ఎంత వైశాల్యం మీద పడుతోంది అన్నది కూడా తేలుస్తుంది. బరువును వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ఒత్తిడి. కింది లెక్క చూడండి. అంకెలు సులువుగా ఉండేలా తీసుకున్నాము.

అ) 60 కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడ్డాడు. రెండు పాదాల వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ప్రతి చదరపు సెంటీమీటరుపై పడే బరువు 60 ÷ 300 = 0.2 కిలోలు.

ఆ) 2,000 కిలోల ట్రాక్టరు నాలుగు టైర్లూ కలిపి 2,000 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతున్నాయి అనుకుందాం. అప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరుపై 1 కిలో.

ఇ) 6,000 కిలోల మంచు బండికి రెండు చైన్లున్నాయి. ఒక్కొక్కటి 300 సెంటీమీటర్ల పొడవు, 100 సెంటీమీటర్ల వెడల్పు మేర నేలను తాకుతుంది. రెండూ కలిపి 60,000 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరుపై 0.1 కిలో మాత్రమే.

చూశారా! మనిషికి వంద రెట్లు బరువున్న బండి మనిషి కన్నా సగం ఒత్తిడితో నిలబడింది. మోకాలి లోతు మంచులో మనిషి కూరుకుపోతుంటే ఆ పక్కనే బండి పైపైన సాగిపోవడానికి కారణం ఇదే. మన పొలాల్లో తడి ఆరని వరి మళ్లలో టైర్ల హార్వెస్టరు దిగబడితే చైన్ మిషన్‌ను పిలవడానికీ ఇదే కారణం. ఒకచోట బురద, ఒకచోట మంచు. సూత్రం ఒక్కటే.

2. కొంత చరిత్ర

చైన్ బండ్ల చరిత్రలో మంచుకు పెద్ద పాత్ర ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లంబార్డ్ అనే ఆయన 1901లో ఆవిరితో నడిచే చైన్ బండికి పేటెంటు పొందాడు. చలికాలంలో మంచు దారులపై అడవి దుంగలను లాగడం దాని పని. రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ మోటారు వాహనాల బాధ్యత చూసిన ఫ్రెంచి మెకానిక్ అడాల్ఫ్ కెగ్రెస్ మంచు కోసం రబ్బరు పట్టీ చైన్‌ను రూపొందించాడు. తరువాత అదే పట్టీ అమర్చిన సిట్రోయెన్ బండ్లు 1922-23లో సహారా ఎడారిని దాటాయి. మంచు, ఇసుక రెండూ మెత్తటి నేలలే కదా!

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ట్ అనే ఊళ్లో జోసెఫ్-అర్మాన్ బొంబార్డియే అనే గ్యారేజీ మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుకుకు జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకువెళ్లే వీలు లేక ఆ బిడ్డ చనిపోయాడు. అంతకు ముందు నుంచే మంచు బండి కోసం ప్రయోగాలు చేస్తున్న ఆయన ఆ పని వదలలేదు. రబ్బరు పూసిన పళ్ల చక్రం, దానితో తిరిగే చైన్ తయారుచేసి 1937లో పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చోగల ఆయన బండ్లు పల్లెల్లో డాక్టర్లకు, బడి పిల్లలకు, తపాలాకు ఉపయోగపడ్డాయి. 1959లో ఒకరిద్దరు ఎక్కి వెళ్లే చిన్న మంచు బండి స్కీ-డూ కూడా ఆయన కంపెనీ నుంచే వచ్చింది.

అంటార్కిటికా కథ వేరు. బ్రిటన్‌కు చెందిన కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రకు మూడు మోటారు బండ్లు తీసుకువెళ్లాడు. 1911 జనవరిలో ఓడ నుంచి దించుతుండగా ఒకటి సముద్రపు మంచు విరిగి నీట మునిగింది. మిగిలిన రెండూ ఆ ఏడాది అక్టోబరు 24న బయలుదేరి, ఇంజన్లు పాడై కొద్ది రోజుల్లోనే ఆగిపోయాయి. ఆ బండ్ల రూపకల్పనలో పాలుపంచుకున్న ఇంజనీరు రెజినాల్డ్ స్కెల్టన్‌ను యాత్రకు తీసుకువెళ్లలేదు. ఆయన ఉంటే ఏమయ్యేదో చెప్పలేము గాని, బండిని పంపి బండి తెలిసినవాడిని ఇంటి దగ్గర వదలడం మంచి పద్ధతి కాదని మాత్రం చెప్పవచ్చు.

1957-58లో వివియన్ ఫుక్స్ బృందం అంటార్కిటికాను ఒక తీరం నుంచి మరో తీరానికి దాటింది. 1957 నవంబరు 24న బయలుదేరి 1958 మార్చి 2న గమ్యం చేరింది. 99 రోజులు, దాదాపు 3,470 కిలోమీటర్లు. చివరి వరకు నిలిచినవి నాలుగు స్నో-క్యాట్ బండ్లు. డేవిడ్ ప్రాట్, రాయ్ హోమార్డ్ అనే ఇంజనీర్లు గుడారాల పక్కన, గాలిలో, వాటిని మరమ్మతు చేస్తూ వచ్చారు. ఎదురు దిక్కు నుంచి ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న ధ్రువం చేరింది. వారు నడిపినవి ఏమిటో తెలుసా? పొలం దున్నే ఫెర్గూసన్ ట్రాక్టర్లు! చక్రాల చుట్టూ చైన్లు బిగించి వాటినే మంచు బండ్లుగా మార్చుకున్నారు. మన ఊళ్లలో తిరిగే మాస్సీ ఫెర్గూసన్ పేరులోని ఫెర్గూసన్ ఆ ట్రాక్టరును తయారుచేసిన హ్యారీ ఫెర్గూసనే.

3. బండి నిర్మాణం

ఇంజను సాధారణంగా డీజిల్ ఇంజనే. దాని శక్తి పళ్ల చక్రానికి చేరుతుంది. దీన్నే స్ప్రాకెట్ అంటారు. పళ్ల చక్రం తిరిగితే చైన్ తిరుగుతుంది. చైన్ లోపల వరుసగా ఉండే చిన్న చక్రాలు బండి బరువును చైన్ పొడవునా సమానంగా పంచుతాయి. చైన్‌లో రబ్బరు పట్టీలు ఉంటాయి. వాటికి అడ్డంగా లోహపు బద్దీలు బోల్టులతో బిగించి ఉంటాయి. మంచును పట్టుకునేవి ఈ బద్దీలే.

పెద్ద బండ్లలో చాలావాటికి తిరగడానికి కారులా ముందు చక్రాలు ఉండవు. ఎడమకు తిరగాలంటే ఎడమ చైన్ వేగం తగ్గించాలి, కుడి చైన్ వేగం పెంచాలి. నేటి బండ్లలో ఇంజను నూనె పంపులను తిప్పుతుంది, ఆ నూనె ఒత్తిడి రెండు వైపుల మోటార్లను విడివిడిగా తిప్పుతుంది. పొక్లెయిన్ నడిపేవారిని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది.

4. చలి చేసే నష్టాలు

డీజిల్: కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డీజిల్‌లో మైనం లాంటి పదార్థం కరిగి ఉంటుంది. చలి పెరిగితే అది చిన్న చిన్న పలుకులుగా విడిపోతుంది. మొదట డీజిల్ మబ్బు పట్టినట్టు అవుతుంది. తరువాత ఆ పలుకులు ఫిల్టరుకు అడ్డం పడతాయి. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా ఇంజనుకు చుక్క అందదు. ఇంకా చలి పెరిగితే డీజిల్ పారడమే మానేస్తుంది. అందుకే అక్కడ కిరోసిన్ జాతి ఇంధనం వాడతారు. విమానాలకు పోసే జెట్ ఎ-1 మైనస్ 47 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అమెరికా వారి అంటార్కిటికా కేంద్రాల్లో వాడే ఏఎన్-8 మైనస్ 58 వరకు తట్టుకుంటుంది. మన దేశంలో లడఖ్ వంటి చోట్ల కోసం ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల వరకు పారే చలికాలపు డీజిల్‌ను విడుదల చేసింది.

ఇంజన్ ఆయిల్: డబ్బా మీద 15డబ్ల్యు-40 అని ఉంటుంది. చాలామంది దాన్ని చదువుతారు గాని అర్థం అడగరు. డబ్ల్యు అంటే వింటర్, అనగా చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆ ఆయిల్ చలిలో అంత పలచగా ఉంటుంది. 15డబ్ల్యు ఆయిల్‌కు ఇంజను తిరగగలదా అని పరీక్షించేది మైనస్ 20 దగ్గర. 0డబ్ల్యు ఆయిల్‌కు ఆ పరీక్ష మైనస్ 35 దగ్గర. మందమైన ఆయిల్‌తో బలవంతంగా స్టార్ట్ చేస్తే పై భాగాలకు ఆయిల్ అందేలోపే బేరింగులు అరిగిపోతాయి.

బ్యాటరీ: ఇది రసాయన చర్య మీద పనిచేస్తుంది. చలిలో రసాయన చర్య మందగిస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర సీసపు బ్యాటరీ తన బలంలో సుమారు సగమే ఇవ్వగలదు. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. రాబడి సగమై ఖర్చు రెట్టింపైన ఇల్లు ఎలా ఉంటుందో ఆ బ్యాటరీ పరిస్థితి అలా ఉంటుంది. మరొక సంగతి. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ ద్రవం మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. ఛార్జి పూర్తిగా దిగిన బ్యాటరీ ద్రవం నీటికి దగ్గరగా ఉంటుంది కనుక మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది.

రేడియేటరు నీరు: నీరు గడ్డకడితే పరిమాణం పెరుగుతుంది. ఆ బలానికి ఇనుప ఇంజను బ్లాకు కూడా చీలిపోతుంది. అందుకే నీటిలో ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపితే సుమారు మైనస్ 37 వరకు, 60 పాళ్లు గ్లైకాల్ కలిపితే మైనస్ 50 దాకా గడ్డకట్టదు. అయితే నీరు లేకుండా గ్లైకాల్ ఒక్కటే పోస్తే? అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది! మందు ఎక్కువ వేస్తే జబ్బు త్వరగా తగ్గదు కదా, ఇదీ అంతే.

లోహం, రబ్బరు: మామూలు ఉక్కు చలిలో పెళుసుబారుతుంది. వేడి దేశంలో వంగే కడ్డీ అక్కడ దెబ్బకు విరగవచ్చు. రబ్బరు గొట్టాలు గట్టిపడి చిట్లుతాయి. నూనె కారకుండా ఆపే సీళ్లు బిగుసుకుపోతాయి. కనుక మొదటి నిమిషాల్లో కుదుపు, ఝాడింపు, పూర్తి వేగం మూడూ నిషిద్ధం.

5. ఉదయం పని

బండి ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి నడవాలి. ఇది నియమం. నడుస్తూ చూడవలసినవి ఇవి.

ఒకటి, కింద మంచుపై నూనె మరక ఉందా? తెల్లటి నేల మీద చిన్న చుక్క కూడా దాగదు. రంగును బట్టి అది ఇంజన్ ఆయిలో, హైడ్రాలిక్ నూనో, రేడియేటరు ద్రవమో తెలుస్తుంది.

రెండు, చైన్ బిగువు. సైకిల్ చైన్ వదులైతే పళ్ల మీద నుంచి జారుతుంది, మరీ బిగిస్తే తొక్కడం కష్టం. ఇదీ అంతే. వదులైతే చైన్ ఊడుతుంది, బిగువైతే బేరింగులు తింటుంది. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన కొలతకు సరిచూడాలి.

మూడు, అడ్డ బద్దీల బోల్టులు. ఒక్క బోల్టు వదులైతే బద్దీ వంకరపోతుంది, వంకరపోయిన బద్దీ పట్టీని కోస్తుంది.

నాలుగు, ఇంధనంలో చేరిన నీటిని వేరుచేసే గిన్నె. అందులో నీరుంటే వదిలేయాలి. ఐదు, గాలి ఫిల్టరులో, పొగ గొట్టంలో మంచు పొడి చేరిందేమో చూడాలి.

తరువాత ఇంజనును వేడి చేయాలి. కేంద్రం దగ్గరైతే కరెంటు హీటరు ఉంటుంది, దారిలోనైతే ఇంధనంతో మండే చిన్న హీటరు ఉంటుంది. ట్యాంకు కింద మంట పెట్టడం ఎన్నడూ పనికిరాదు. ఇంజను స్టార్ట్ అయ్యాక మితమైన వేగంలో నడవనివ్వాలి. ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు లేచిందా అని చూడాలి. హైడ్రాలిక్ నూనె వేడెక్కేదాకా ఆగాలి. ఆ పదిహేను, ఇరవై నిమిషాలు వృథా అనుకునేవాడు దారిలో పదిహేను గంటలు ఆగిపోతాడు.

ఇక కదలడం. రాత్రి చైన్ నేలకు అతుక్కుని ఉండవచ్చు. ఒక్కసారిగా లాగితే పళ్ల చక్రమో, గేరో విరుగుతుంది. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపుతూ విడిపించాలి. వెనుక కట్టిన స్లెడ్జి బండ్లు కూడా అలాగే అతుక్కుంటాయి. ఎడమకు, కుడికి మెల్లగా తిప్పి వాటిని వదులు చేస్తారు.

6. నడిపే పద్ధతి

మలుపు విశాలంగా తిప్పాలి. ఉన్నచోటనే గిరుక్కున తిప్పితే పక్క నుంచి మంచు చైన్ లోపలికి దూరి చైన్ ఊడుతుంది. బురదలో ఎద్దుల బండిని మళ్లించేవాడు ఎంత వెడల్పుగా మళ్లిస్తాడో గుర్తు తెచ్చుకోండి.

వాలును నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి. అడ్డంగా పోతే బండి పక్కకు జారుతుంది. దిగేటప్పుడు వెనుక స్లెడ్జి తోసుకువచ్చి బండిని ఢీకొనకుండా తాడుకు బదులు ఇనుప కడ్డీతో కలుపుతారు.

చైన్ జారుతుంటే వేగం పెంచకూడదు. పెంచేకొద్దీ గొయ్యి లోతవుతుంది. ఆపి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించాలి. తమ చైన్లు అణచిన దారి కొత్త మంచు కన్నా గట్టిగా ఉంటుంది.

గాలి మంచును చెక్కి గట్టి గట్లుగా మారుస్తుంది. వీటిని సస్త్రుగీ అంటారు. వీటి మీద వేగంగా పోతే బండికి, మనిషి నడుముకు రెండింటికీ చేటు. మరీ చలిగా ఉన్న రోజు మంచు ఇసుకలా గరుకుగా మారుతుంది. స్లెడ్జి కింద పలచటి నీటి పొర ఏర్పడితేనే అది సులువుగా జారుతుంది, చలి ఎక్కువైతే ఆ పొర ఏర్పడదు. అందుకని ఇంధనం లెక్క వేసేటప్పుడు దూరంతోపాటు చలిని కూడా చూడాలి.

కొన్ని రోజుల్లో ఆకాశం, నేల ఒకే తెలుపులో కలిసిపోతాయి. నీడ ఉండదు, ఎత్తుపల్లాలు కనబడవు. అప్పుడు ఆగిపోవడమే నడపడం. దారి పొడవునా పాతిన జెండాలు, ఉపగ్రహ సంకేతాల పరికరం, నిర్ణీత సమయానికి రేడియోలో మాట్లాడటం – ఈ మూడింటిలో ఏదీ మరొకదానికి బదులు కాదు.

7. మంచు పగుళ్లు – అసలైన ప్రమాదం

హిమానీనదం కదులుతుంటే దానిలో లోతైన పగుళ్లు ఏర్పడతాయి. వాటిని క్రెవాస్ అంటారు. పైన గాలి తెచ్చిన మంచు కప్పుగా పేరుకుని పగులు కనబడదు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మొదటి లెక్కలో బండి ఒత్తిడి మనిషి ఒత్తిడిలో సగమే అన్నాము. దాన్ని చూసి మనిషి నడిచిన చోట బండి కూడా పోవచ్చు అనుకుంటే ప్రాణం పోతుంది. మెత్తటి మంచులో దిగబడటం ఒత్తిడి సంగతి. పగులు మీద ఉన్న కప్పు మాత్రం వంతెన లాంటిది. వంతెన మోయవలసింది మొత్తం బరువు. 6,000 కిలోలు 6,000 కిలోలే. సూత్రం నేర్చుకోవడం ఎంత ముఖ్యమో, అది ఎక్కడ వర్తించదో తెలుసుకోవడం అంత ముఖ్యం.

ఫుక్స్ బృందం ఇటువంటి చోట్ల కాలినడకన ముందు వెళ్లి కడ్డీలతో గుచ్చి చూస్తూ దారి గుర్తించింది. అయినా ఒక స్నో-క్యాట్ పగులు మీద వేలాడింది. మిగతా బండ్లతో లాగి దాన్ని బయటకు తీశారు. హిల్లరీ బృందం ట్రాక్టర్లను ఒకదానికొకటి తాళ్లతో కట్టి నడిపింది. ఇప్పుడు అమెరికా వారు తీరంలోని మెక్‌మర్డో నుంచి దక్షిణ ధ్రువానికి సుమారు 1,600 కిలోమీటర్ల దూరం ఇంధనం చేరవేసే బండ్ల వరుసలో ముందు బండికి పొడవాటి చెయ్యి అమర్చి, దాని చివర నేల లోపలికి చూసే రాడారు పెడతారు. పగులు కనబడితే బండి ఆగుతుంది.

రాడారు వచ్చినా ప్రమాదం పోలేదు. 2016 అక్టోబరులో మెయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన హిమానీ శాస్త్రవేత్త గోర్డన్ హామిల్టన్ మెక్‌మర్డోకు దక్షిణాన పగుళ్ల ప్రాంతంలో పనిచేస్తూ స్నోమొబైల్‌తో సహా పగులులో పడి మరణించారు. ఆ ప్రాంతం ఆయన ఎరిగినదే. ఎరిగిన దారి అని ఏమరకూడదు.

8. సాయంత్రం పని

రోజంతా నడిచి అలసిన మనిషికి గుడారంలోకి వెళ్లాలనిపిస్తుంది. మరుసటి ఉదయం బండి కదులుతుందా లేదా అన్నది ఈ అరగంటలోనే తేలుతుంది.

అ) నడిచిన వేడికి చైన్‌లో, పళ్ల చక్రంలో ఇరుక్కున్న మంచు కరుగుతుంది. ఆగగానే గట్టి ఐసుగా మారుతుంది. కనుక అది మెత్తగా ఉండగానే పారతో, కర్రతో రాల్చాలి.

ఆ) బండిని చెక్క పలకల మీద ఎక్కించి నిలపాలి. అప్పుడు చైన్ నేలకు అతుక్కోదు.

ఇ) ఇంజనును ఒక్కసారిగా ఆపకూడదు. కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడిపి చల్లబరచాలి.

ఈ) ట్యాంకు నింపాలి. ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, ఆ తేమ రాత్రికి నీరై, ఐసై గొట్టంలో చేరుతుంది.

ఉ) ఇంజను వైపు గాలి తగలకుండా బండిని తిప్పి, కప్పు వేయాలి.

ఊ) పుస్తకంలో రాయాలి. ఎన్ని గంటలు నడిచింది, ఎంత ఇంధనం పట్టింది, ఏ శబ్దం కొత్తగా వినిపించింది – అన్నీ రాయాలి. ట్రాక్టరుకు ఉన్నట్టే దీనికీ గంటల మీటరు ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్లు మార్చేది గంటల లెక్క ప్రకారమే.

ఇంధనం పోసేటప్పుడు కింద పళ్లెం పెట్టాలి. అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం 1991లో మాడ్రిడ్‌లో ఒప్పందం కుదిరింది, 1998లో అమలులోకి వచ్చింది. మన పార్లమెంటు కూడా 2022లో అంటార్కిటికా చట్టం చేసింది. కాబట్టి అక్కడ నూనె ఒలకబోయడం తప్పు పనే కాక నేరం కూడా.

9. మనిషి సంరక్షణ

యంత్రం కన్నా ముందు మనిషి. ఇక్కడ మూడే మాటలు.

మొదటిది, ఒట్టి చేత్తో ఇనుము తాకరాదు. చర్మం అతుక్కుంటుంది. అక్కడి ఇంధనం మైనస్ 40 దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది కనుక అది చేతి మీద పడితే క్షణాల్లో చర్మం గడ్డకడుతుంది.

రెండవది, పొగ. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పొగ గొట్టానికి మంచు అడ్డుపడితే అది క్యాబిన్‌లోకి వస్తుంది. 1934లో అమెరికా అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ చలికాలంలో ఒంటరిగా ఒక గదిలో ఉంటూ, స్టవ్వు పొగ, జనరేటరు పొగ వల్ల చావు అంచుకు వెళ్లాడు. ఆగస్టులో ముగ్గురు సహచరులు చీకటిలో, చలిలో ట్రాక్టరు నడుపుకుంటూ వెళ్లి ఆయనను కాపాడారు. ఇంజను పొగ ప్రాణం తీయబోయింది, ఇంజను నడపగల మనుషులు ప్రాణం నిలిపారు.

మూడవది, ఒంటరిగా వెళ్లరాదు. బండి ఎంత మంచిదైనా నడిచి తిరిగి రాలేనంత దూరం ఒక్క బండితో పోకూడదు. గుడారం, స్టవ్వు, ఆహారం, పడక సంచి ప్రతి బండిలోనూ ఉండాలి.

10. మన దేశం, మన అవకాశం

డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరిన మొదటి భారత బృందం 1982 జనవరిలో అంటార్కిటికా చేరింది. తరువాత దక్షిణ గంగోత్రి కేంద్రం కట్టారు. అది మంచులో కూరుకుపోవడంతో వదిలేశారు. 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి కేంద్రాలు పనిచేస్తున్నాయి. మైత్రి తీరానికి సుమారు 100 కిలోమీటర్ల లోపల ఉంది. ఓడ నుంచి మంచు అంచున దించిన ఇంధనం, సామాను పిస్టెన్‌బుల్లీ వంటి చైన్ బండ్ల వరుసలతో అక్కడికి చేరుతుంది. వేసవి ముగిసి ఓడ వెళ్లిపోయాక శీతాకాలమంతా అక్కడ ఉండే బృందానికి ఆ కాలంలో కొత్త విడిభాగం రాదు. ఉన్నదానితోనే సరిచేసుకోవాలి.

ఈ యాత్రలు నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. ఇందులో శాస్త్రవేత్తలే కాక వాహన మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, క్రేన్ ఆపరేటరు, వంటమనిషి వంటివారు కూడా వెళతారు. ఆ పోస్టులకు ఆ కేంద్రం ప్రకటనలు ఇస్తుంది. హిమాలయ సరిహద్దు దారుల్లో మంచు తొలగించే సరిహద్దు రహదారుల సంస్థ 1960లో ఏర్పడింది. అందులో కూడా వాహన మెకానిక్కులు, యంత్రాలు నడిపేవారు పనిచేస్తారు.

ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నామంటే, మన హాస్టల్ నుంచి ఏటా కొందరు తమ్ముళ్లు ఐటీఐ డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడుల్లో చేరుతున్నారు. ఇంజనీరింగ్ సీటు రాలేదు కనుక ఇది అని తల దించుకుని చెబుతున్నారు. తల దించుకోవలసిన పని ఇందులో ఏమీ లేదు. ఖండాన్ని దాటిన ఘనత నాయకుడి పేరు మీద రాసి ఉండవచ్చు. బండి తొంభై తొమ్మిది రోజులు నడిచింది మాత్రం స్పానరు పట్టిన చేతుల వల్ల. బిడ్డను ఆసుపత్రికి చేర్చలేని దారిని మార్చినవాడు ఊరి మెకానిక్కే. అయితే చేతి పని ఒక్కటే చాలదు. ఫిల్టరు ఎందుకు మూసుకుపోయింది, బ్యాటరీ ఎందుకు పగిలింది, 15డబ్ల్యు అంటే ఏమిటి అని అడిగే అలవాటు కూడా కావాలి. ఆ అలవాటు ఉన్నవాడికి ఊరి షెడ్డులోనైనా, మైత్రిలోనైనా విలువ తగ్గదు.

గుర్తుంచుకోవలసిన అంశాలు

● దిగబడటం ఒత్తిడిని బట్టి, పగులు మీది కప్పు కూలడం మొత్తం బరువును బట్టి.
● డీజిల్‌లో మైనం, ట్యాంకులో నీరు – రెండూ చలిలో ఇంజనును ఆపుతాయి.
● ఛార్జి నిండుగా ఉన్న బ్యాటరీ గడ్డకట్టదు, దిగిన బ్యాటరీ గడ్డకడుతుంది.
● గ్లైకాల్ పాళ్లు మించితే రక్షణ తగ్గుతుంది.
● సాయంత్రం రాల్చని మంచు ఉదయానికి ఐసు.
● విశాలమైన మలుపు, నిటారు వాలు, తొందరలేని కాలు.

మీరే ఆలోచించండి

1. 4,500 కిలోల బండికి ఒక్కొక్కటి 250 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు నేలను తాకే రెండు చైన్లున్నాయి. ఒక చదరపు సెంటీమీటరుపై ఎంత బరువు పడుతుంది?
2. ఆ బండి మీద మరో 900 కిలోల సామాను వేస్తే ఎంత?
3. మీ ఊరి ట్రాక్టరులో వాడే ఇంజన్ ఆయిల్ డబ్బా మీద ఏ అంకెలున్నాయో చూసి, వాటి అర్థం మీ చెల్లెలికో, తమ్ముడికో వివరించండి.

జవాబులు: 1. 0.1 కిలో. 2. 0.12 కిలో. మూడవదానికి జవాబు మీ ఊళ్లోనే ఉంది.